స్లాబు కింద దాగిపోయే పని: మీకు ఏ తప్పు ఏం నేర్పింది?

#1 · కొత్తసైటు

సభ్యులందరికీ నమస్కారం. నేను సైటు పర్యవేక్షణలోకి వచ్చి రెండేళ్లు కావస్తోంది. పోయిన వారం ఒక స్లాబు పోస్తున్నప్పుడు జరిగిన సంగతి నన్ను ఇంకా వదలడం లేదు. దాన్ని ఉన్నదున్నట్టు రాసి, చివర ఒక ప్రశ్న అడుగుతాను.

ఆ స్లాబుకు ఒక వైపున 1.2 మీటర్లు బయటికి వచ్చే బాల్కనీ ఉంది. ముందు రోజు సాయంత్రం నేనూ రాడ్ బెండింగ్ మేస్త్రీ కలిసి చువ్వలన్నీ చూశాము. పైవరుస చువ్వలు వాటిని ఎత్తి పట్టే చైర్ల మీద సరైన ఎత్తులో ఉన్నాయి, కవరు బ్లాకులు (చువ్వకూ కాంక్రీటు అంచుకూ మధ్య మందాన్ని నిలిపేవి) ఉన్నాయి, అతుకుల పొడవు సరిపోయింది. మరునాడు ఉదయం నుంచి కాంక్రీటు మోసేవారు, వైబ్రేటరు పట్టేవారు, కరెంటు పైపులు సర్దేవారు అందరూ బాల్కనీ మూల నుంచే పైకి ఎక్కారు, ఎందుకంటే నిచ్చెనను అక్కడే వేశారు. కాంక్రీటు ఆ మూలకు చేరే సమయానికి పైవరుస చువ్వలు కాళ్ల కింద నలిగి దాదాపు 40 మిల్లీమీటర్లు దిగిపోయాయి. ఆ సమయంలో నేను రెండో చివర పిల్లరు దగ్గర ఉన్నాను. తట్ట మోస్తున్న ఒక పెద్దాయన చూసి కేకవేయకపోతే, ఆ చువ్వలు అలాగే కాంక్రీటులో కలిసిపోయి ఉండేవి. పని ఆపి, చువ్వలను పైకి లేపి, కొత్త చైర్లు పెట్టి, మళ్లీ మొదలు పెట్టడానికి గంట పట్టింది.

ముందు రోజు నేను చేసిన తనిఖీలో తప్పు లేదు, కానీ ఆ తనిఖీ మరునాటి మధ్యాహ్నానికి చెల్లలేదు. మన పనిలో చాలా భాగం ఆ తర్వాత ఎవరికీ కనబడదు కాబట్టి, మూసేయబోయే పని విషయంలో మీరు ఏ తప్పు నుంచి ఏం నేర్చుకున్నారో రాయవలసిందిగా కోరుతున్నాను.

#2 · ఇనుపకట్టు

కొత్తసైటు గారూ, ఆ పెద్దాయనకు మీరు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. బాల్కనీ బరువుకు కిందికి వంగాలని చూస్తుంది, అప్పుడు సాగేది దాని పైభాగం. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది కానీ లాగుడును తట్టుకోలేదు కాబట్టి, ఆ లాగుడును మోయడానికే చువ్వలను పైన పెడతాము. గదుల మధ్య స్లాబులో ఇందుకు భిన్నంగా లాగుడు కిందివైపు ఉంటుంది. ఈ తేడా తెలియని కూలీకి పైవరుస చువ్వలు నడవడానికి అడ్డంగా కనిపిస్తాయి తప్ప, బాల్కనీ మొత్తం వాటి మీదే వేలాడుతోందని తోచదు.

లెక్క కూడా చూడండి. మీ బాల్కనీ మందం 120 మిల్లీమీటర్లు, పైకవరు 20, చువ్వ 10 మిల్లీమీటర్లది అనుకుందాం. కింది అంచు నుంచి చువ్వ మధ్య వరకు 95 మిల్లీమీటర్ల లోతు దొరుకుతుంది. చువ్వ 40 దిగిందంటే ఆ లోతు 55కు పడిపోతుంది. ఇనుము అంతే ఉంది, కాంక్రీటు అంతే ఉంది, కానీ బాల్కనీ మోయగల బరువు నూటికి నలభై వంతులకు పైగా తగ్గిపోయింది. పైనుంచి చూసిన వారికి రెండు బాల్కనీలూ ఒకేలా కనిపిస్తాయి.

నేను పని నేర్చుకున్న మేస్త్రి స్లాబు పోసే రోజున మా ముఠాను ఇంటికి పంపేవారు కాదు. కట్టు పని నిన్నటితో అయిపోయింది కదా అని మేము విసుక్కునే వాళ్లం. ఆయన మాత్రం బైండింగ్ వైరు చుట్ట, కట్టు కొక్కెం ఇచ్చి, కాంక్రీటుకు మూడు బారల ముందు నడుస్తూ దిగిన చువ్వను లేపమని, చువ్వల చుట్టూ కట్టిన రింగు జారితే సర్దమని, పడిపోయిన కవరు బ్లాకును తిరిగి పెట్టమని చెప్పేవారు. ఇప్పుడు నేను ఏ పని ఒప్పుకున్నా పోసే రోజుకు ఇద్దరి కూలీని ముందే లెక్కలో చేరుస్తాను.

నడవడానికి చెక్క పలకలు వేయించాలి. ఆ పలకలు చువ్వల మీద కాకుండా, వాటికంటే ఎత్తున్న విడి స్టాండ్ల మీద ఉండాలి. చువ్వల మీదే పలక వేస్తే, ఒక చువ్వ మీద పడే బరువు పది చువ్వల మీద పడుతుంది, అంతే తేడా.

#3 · జాకీపలక

ఇనుపకట్టు గారు చెప్పినది లోపల ఉండిపోయే ఇనుము గురించి. స్లాబు గట్టిపడేవరకు కింద ఆనించే సెంట్రింగ్ విప్పేసి తీసుకుపోయేదే అయినా, అది ఉన్న కొద్ది రోజుల్లో చేసిన తప్పు స్లాబులో ఎప్పటికీ మిగిలిపోతుంది కాబట్టి నా అనుభవం కూడా రాస్తాను.

ఇనుముతో కలిపి కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు దాదాపు 2500 కిలోలు. 125 మిల్లీమీటర్ల స్లాబు అంటే చదరపు మీటరుకు 312 కిలోలు. 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉన్న ఒక్క గది పైన 6 టన్నులకు మించిన తడి కాంక్రీటు ఉంటుంది. మనుషులు, పనిముట్లు, ఒకేచోట కుప్పగా దించిన కాంక్రీటు ఇందులో చేరలేదు. ఆ తడి ముద్దకు తనంతట తాను నిలబడే శక్తి ఇంకా లేదు. మొత్తం బరువు మన జాకీల, అంటే సెంట్రింగ్ కింద నిలబెట్టే ఊతల, కాళ్ల మీదుగా నేలకు దిగుతుంది.

నా పాఠం ఆ నేల దగ్గర నేర్చుకున్నాను. పునాది గుంతలను పూడ్చిన కొత్త మట్టి మీద జాకీలు నిలబెట్టి, కింద చిన్న చెక్క ముక్కలు పెట్టాము. పోయడానికి ముందు రాత్రి వాన పడింది. పొద్దున పైన మట్టం చూశాను, సరిగ్గానే ఉంది. బరువు లేనప్పుడు ఎందుకు దిగుతుంది? సగం స్లాబు పోసేసరికి మధ్య వరుస జాకీలు మట్టిలోకి కూరుకుపోయి, స్లాబు నడుమ 30 మిల్లీమీటర్లు వంగింది. కింద మనుషులు ఎవరూ లేకపోవడం, స్లాబు కూలకపోవడం మా అదృష్టం. ఆ వంపు మాత్రం అలాగే గట్టిపడింది. అప్పటి నుంచి మట్టి మీద నిలబెట్టే ప్రతి వరుసకూ కింద పొడవాటి మందపు పలక వేస్తాను, పూడ్చిన మట్టిని తడిపి దిమ్మిస పెట్టించాకే జాకీ నిలబెడతాను, పోస్తున్నంత సేపూ పక్కన నిలబడి దారం కట్టి చూసే మనిషిని కేటాయిస్తాను.

కాంక్రీటు పోయడానికి పిల్లరు చుట్టూ బిగించే పెట్టెల విషయంలో కూడా చాలామంది పొరపడతారు. తడి కాంక్రీటు నీటిలాగే పక్కలకు నెడుతుంది. 3 మీటర్ల పిల్లరును వేగంగా ఒక్క విడతలో నింపితే, అడుగున చదరపు మీటరుకు 7 టన్నులకు పైగా ఒత్తిడి వస్తుంది. కాబట్టి బిగింపులు పైన పల్చగా, కింద దగ్గర దగ్గరగా ఉండాలి. అన్నీ సమాన దూరంలో వేసిన పెట్టె చూడటానికి బాగుంటుంది, విచ్చుకునేది మాత్రం ఎప్పుడూ అడుగు భాగమే.

#4 · కొత్తసైటు

జాకీపలక గారూ, ధన్యవాదాలు. జాకీలు ఎన్ని రోజులకు విప్పాలన్న విషయంలో మా సైటులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బాల్కనీ జాకీలను ముందు లోపలి వైపు విప్పాలా, బయటి వైపు విప్పాలా అన్నది కూడా నాకు స్పష్టంగా తెలియదు.

#5 · జాకీపలక

మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, మరీ చల్లగా లేని వాతావరణంలో మేము పాటించే లెక్క ఇది. పిల్లర్లు, గోడలు, బీముల పక్క పలకలు 16 నుంచి 24 గంటల తర్వాత తీయవచ్చు. 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబు జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల జాకీలు 6 మీటర్ల వరకు 14 రోజులు, పైన 21 రోజులు. బూడిద (ఫ్లై యాష్) కలిసిన సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కాబట్టి దానికీ, చలికాలంలోనూ ఇంకా ఆగాలి. డిజైను చేసిన ఇంజనీరు ఎక్కువ రోజులు చెబితే ఆ మాటే చివరిది.

విప్పే వరుస రోజుల లెక్క కంటే ముఖ్యం. రెండు వైపులా ఆనుకున్న స్లాబుకు నడుమ జాకీలు ముందు తీసి అంచుల వైపు రావాలి. బాల్కనీకి బయటి కొస నుంచి మొదలు పెట్టి గోడ వైపు రావాలి. బాల్కనీలో లోపలి జాకీని ముందు తీసి బయటిది ఉంచారంటే, అది రెండు చివరలా ఆనుకున్న స్లాబులా వంగుతుంది, లాగుడు కిందివైపుకు మారుతుంది, అక్కడ చువ్వ ఉండదు. పైన ఇంకో అంతస్తు పోయబోతున్నప్పుడు, వయసు నిండిందని కింది జాకీలన్నీ తీసేయడం కూడా పెద్ద తప్పు. పైస్లాబు బరువు మోయవలసింది ఆ కింది స్లాబే.

#6 · మిల్లరుపక్కన

నేను కాంక్రీటు కలిపే చోట పదిహేనేళ్లుగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ నీటి మాట ఎత్తలేదు. నాకు తెలిసినంతలో మన కంటికి కనబడకుండా కట్టడాన్ని అన్నిటికంటే ఎక్కువగా బలహీనపరిచేది అదనంగా పోసిన ఒక బకెట్టు నీరు.

నీరు, సిమెంటు నిష్పత్తి పెరిగిన కొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే చూపించారు. సిమెంటు పూర్తిగా నీటితో కలిసి గట్టిపడటానికి దాని బరువులో 38 శాతం నీరు చాలు. మిగిలినదంతా మనం పని సులువుగా జరగడానికి పోసుకునేదే. ఆ మిగులు నీరు తర్వాత ఆవిరైపోయి, తాను ఉన్న చోట సన్నని రంధ్రాలు వదులుతుంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.5. ఇంకో 5 లీటర్లు పోస్తే 0.6. ఆ ఐదు లీటర్లకు బలం దాదాపు ఐదో వంతు పోతుంది, ఆపైన రంధ్రాల గుండా తేమ చువ్వను చేరి తుప్పు మొదలవుతుంది.

నా వల్ల జరిగిన తప్పు ఇసుక దగ్గర ఉంది. ఒక వానాకాలంలో రోజూ అదే కొలపెట్టెతో ఇసుక, అదే కొలతతో నీరు పోస్తూ వచ్చాను. తడిసిన ఇసుక 100 కిలోలలో 5 కిలోల నీరు దాగి ఉండగలదని, ఆ నీటిని మనం పోసే నీటి నుంచి తీసివేయాలని నాకు అప్పుడు తెలియదు. పైగా కొద్దిగా తడిసిన ఇసుక రేణువులు ఒకదానికొకటి దూరం జరిగి, కొలతలో 20 నుంచి 30 శాతం వరకు పొంగుతాయి. కాబట్టి పెట్టె నిండింది కానీ ఇసుక తగ్గింది, నీరు చూస్తే ఎక్కువైంది. బలం పరీక్షకు పోసి ఏడో రోజు పగలగొట్టిన కాంక్రీటు క్యూబులు తక్కువ బలం చూపించినప్పుడు సిమెంటు కంపెనీని తప్పుపట్టాము. తప్పు నా పెట్టెలో ఉందని తెలుసుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఇప్పుడు వాన పడిన ప్రతి ఉదయం ఒక కిలో ఇసుకను పెనం మీద ఆరబెట్టి, తగ్గిన బరువును చూసి, ఆ రోజు నీటి కొలతను నిర్ణయిస్తాను.

#7 · నిలువుబద్ద

మిల్లరుపక్కన గారూ, మీరు చెప్పినది పుస్తకం ప్రకారం సరైనదే. పైన నిలబడి పోసేవారి పరిస్థితి కూడా చూడాలి. బీము, పిల్లరు కలిసే చోట చువ్వలు వేలు దూరనంత దగ్గరగా ఉంటాయి. గట్టి కాంక్రీటు అందులోకి దిగదు. దిగకపోతే లోపల ఖాళీలు మిగిలి, పెట్టె విప్పాక తేనెపట్టులా కంకర బయటపడుతుంది. ఆ ఖాళీ కంటే కొంచెం నీరు ఎక్కువైనా నయమని నేను అనుకుంటాను.

#8 · మిల్లరుపక్కన

మీ ఇబ్బంది నిజమైనదే, దాన్ని నేను తేలిక చేయడం లేదు. రెండు కీడుల్లో ఒకటి ఎంచుకోవలసిన అవసరం మాత్రం లేదని చెబుతున్నాను. చువ్వలు కిక్కిరిసిన చోటుకు 20 మిల్లీమీటర్ల కంకర బదులు 10 లేదా 12 మిల్లీమీటర్లది వాడవచ్చు. నీరు పెంచకుండా పలుచన చేసే ప్లాస్టిసైజరు ద్రావణాన్ని, తయారీదారు చెప్పిన మోతాదులో, కాంక్రీటు కలిపే మిల్లరులోనే కలపవచ్చు. సన్నని సూది ఉన్న వైబ్రేటరును నిటారుగా దించి, బుడగలు ఆగేవరకు ఉంచి, నెమ్మదిగా పైకి తీయాలి. వైబ్రేటరుతో కాంక్రీటును పక్కకు తోయకూడదు, అలా చేస్తే గార ముందుకు పోయి కంకర వెనక మిగులుతుంది.

కాంక్రీటు ఎంత పలుచగా ఉందో చూసే స్లంపు శంకువు అన్నది పెద్ద సైట్లకే పరిమితమైన వస్తువు కాదు. 300 మిల్లీమీటర్ల ఎత్తు, కింద 200, పైన 100 వ్యాసం ఉన్న ఒక రేకు గొట్టం, 16 మిల్లీమీటర్ల కడ్డీ చాలు. మూడు పొరలుగా నింపి, పొరకు 25 పోట్లు పొడిచి, గొట్టాన్ని నిటారుగా పైకి తీసి, కాంక్రీటు ఎంత కూలిందో కొలవాలి. ఉదయం మొదటి మిశ్రమానికి ఎంత కూలిందో రాసుకుంటే, మధ్యాహ్నం ఎవరైనా అదనంగా నీళ్లు వదిలారో లేదో ఆ కొలతే చెబుతుంది.

#9 · నిలువుబద్ద

ప్లాస్టిసైజరును ఇంతవరకు మేము లారీ కాంక్రీటు వ్యవహారమనే అనుకున్నాము. వచ్చే బీముకు 12 మిల్లీమీటర్ల కంకరతో ప్రయత్నిస్తాను.

నేను తాపీ పనివాడిని కాబట్టి నా అసలు పాఠం పూత గురించి చెబుతాను. మన వృత్తిలో ఒకరి తప్పును మరొకరు కప్పడం అలవాటుగా మారింది. పిల్లరు పెట్టె తూకం తప్పితే గోడ కట్టేవారు దానికి అనుగుణంగా గోడను జరుపుతారు. గోడ వంకరను పూత పూసేవారు మందంతో సరిచేస్తారు. పూత ఎగుడుదిగుడును రంగులవారు లప్పంతో పూడుస్తారు. చివరికి చూసేవారికి అంతా నున్నగా ఉంటుంది.

ఒక కట్టడంలో బయటి బీము గోడ కంటే 25 మిల్లీమీటర్లు లోపలికి ఉండగా, దాన్ని గోడతో సమం చేయడానికి నేను 35 మిల్లీమీటర్లకు పైగా ఒకేసారి గార ఎక్కించాను. బీము ఉపరితలం పెట్టె పలకకు రాసిన నూనెతో నున్నగా ఉంది. గాట్లు కొట్టించలేదు, నూనె కడిగించలేదు, సన్నని ఇనుప జాలీ వేయలేదు. ఆ సాయంత్రం బద్ద పెట్టి చూస్తే ఒక్క వెంట్రుక దూరదు, నేను ఎంతో సంతోషపడ్డాను. రెండో ఎండాకాలంలో రెండు మీటర్ల పొడవున ఆ పూత ఒక్క పలకలా ఊడి కిందపడింది. మధ్యాహ్నం కావడం వల్ల కింద ఎవరూ లేరు. ఆ ముక్క వెనక భాగం అద్దంలా నున్నగా ఉండటం నా కళ్లతో చూశాను. అది బీమును ఎన్నడూ పట్టుకోలేదు.

ఇప్పుడు నేను లోపలి గోడకు 12, గరుకు వైపుకు 15 మిల్లీమీటర్లు దాటి ఒక్క పొరలో ఎక్కించను. బయటి వైపు 20 మిల్లీమీటర్లను రెండు పొరలుగా, మొదటి పొర గరుకుగా గీతలు గీసి, ఆరాక రెండోది వేస్తాను. అంతకు మించి కావలసి వస్తే పని ఆపి యజమానిని పిలిచి, తూకపు గుండు వేలాడదీసి, తేడా ఎక్కడ మొదలైందో చూపిస్తాను. ఇటుక గోడ, కాంక్రీటు పిల్లరు కలిసే గీత మీద జాలీ తప్పకుండా వేస్తాను, ఎందుకంటే ఆ రెండూ ఎండకు ఒకేలా సాగవు, అక్కడే నిలువు బీట పడుతుంది. బొచ్చెలో బిగుసుకుపోతున్న గారలో మళ్లీ నీళ్లు చల్లి మెత్తబరచడం పూర్తిగా మానేశాను. కలిపిన అరగంటలో వాడగలిగినంతే కలపమని చెబుతాను.

#10 · పైపులపని

నిలువుబద్ద గారి పూత కిందే నా పైపులు ఉంటాయి. మూసే ముందు వాటికి ఒత్తిడి పరీక్ష చేయనిదే నేను సంతకం పెట్టను. గేజి ముల్లు రాత్రంతా కదలకుండా నిలబడాలి. అయినా ఒకసారి అన్ని పరీక్షలూ నెగ్గిన పైపు ఆరు నెలలకు కారింది. గోడ తవ్వి చూస్తే, అద్దం బిగించడానికి ఎవరో కొట్టిన మేకు పైపులో ఉంది. తప్పు ఆ వడ్రంగిది కాదు. పైపు ఎక్కడ ఉందో తెలిపే కాగితం నేను ఇవ్వలేదు. అప్పటి నుంచి పూతకు ముందు ప్రతి గోడకూ, నేల నుంచి ఒక టేపు, మూల నుంచి ఒక టేపు పరిచి ఫొటో తీసి, యజమానికి ఇస్తున్నాను. టేపు లేని ఫొటో ఎందుకూ పనికిరాదు.

స్నానాల గది దిగుడు స్లాబులో నీళ్లు నిలిపి 48 గంటలు చూస్తాము. అంచున పెన్సిలు గీత గీస్తే మట్టం తగ్గడం తెలుస్తుంది, కానీ ఎండకు ఆవిరైనదా కారినదా అన్న వాదన ఎప్పుడూ వస్తుంది. దానికి నేను ఒక బకెట్టులో నీళ్లు పోసి అదే గదిలో పెట్టి, దానికీ గీత గీస్తాను. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి, స్లాబులో ఎక్కువ తగ్గితే కారుడు. ఈ బకెట్టు వచ్చాక వాదనలు ఆగిపోయాయి.

#11 · తీగలపని

కొత్తసైటు గారు మొదటి పోస్టులో కరెంటు పైపులు సర్దేవారి పేరు కూడా చెప్పారు, అందుకని రాస్తున్నాను. మా వాళ్లు చువ్వల కట్టు పూర్తయ్యాక పైకి రావడం, పైపు పట్టకపోతే చువ్వను పక్కకు వంచడం చాలా చోట్ల జరుగుతోంది. కింది వరుస కట్టాక, పైవరుస కట్టక ముందు మాకు సగం రోజు ఇస్తే, పైపులను రెండు వరుసల మధ్య పరచవచ్చు. ఒకే చోట నాలుగైదు పైపులు ఒకదానిపై ఒకటి దాటితే, అవి పైవరుసను ఎత్తేస్తాయి లేదా అక్కడ కాంక్రీటు మందాన్ని తినేస్తాయి. పైపు మూతులను, పెట్టెలను గట్టిగా మూయకపోతే సిమెంటు పాలు దిగి లోపల రాయిలా బిగుస్తుంది. అలా మూసుకుపోయిన ఒక్క పైపు కోసం స్లాబు అడుగున మూడు మీటర్ల గాడి కొట్టవలసి వచ్చింది. దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

#12 · ఇనుపకట్టు

తీగలపని గారూ, స్లాబు గాడి వరకే అయితే కొంత నయం. పైపు దారి కోసం బీము పక్కన రంధ్రం కొట్టి, అడ్డొచ్చిన రింగును కోసేసిన చోట్లు నేను చూశాను. బీము పిల్లరును కలిసే దగ్గర రింగులు దగ్గర దగ్గరగా ఉండేది కోతను, అంటే బీమును అడ్డంగా తెంచాలని చూసే బలాన్ని, తట్టుకోవడానికే. భూకంపంలో వాటి మీదే భారం పడుతుంది కాబట్టే వాటి కొక్కేలను 135 డిగ్రీలు లోపలికి వంచుతాము. ఆ చోట ఒక్క రింగు కోసినా, నేను చేసిన నెల రోజుల పనిలో ముఖ్యమైన భాగాన్ని కోసినట్టే. దారి కావాలంటే పోయక ముందు చెప్పండి, డిజైను చేసినవారిని అడిగి, వారు చూపిన చోట గొట్టం పెట్టి పోస్తాము.

#13 · గోతిపని

అందరూ మూసేసే పని గురించి రాస్తున్నారు, నేను తెరిచి ఉంచిన పని గురించి రాస్తాను. పునాదికి 2 మీటర్ల లోతు కందకం తవ్వాము. తీసిన మట్టి అంతా అంచునే పోశాము, ఆపు పలకలు వేయలేదు. రాత్రి చినుకులు పడ్డాయి. పొద్దున అంచుకు సమాంతరంగా సన్నని నెర్రె కనబడింది. కింద ఇద్దరు ఉన్నారు. నేను వాళ్లను పైకి రమ్మన్నప్పుడు, ఇంకో పావుగంటలో అడుగు సమం చేసి వస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్లు ఎక్కిన అరగంటకు ఆ వైపు గోడ పూర్తిగా లోపలికి విరిగిపడింది. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా తూగుతుంది. ఛాతీ వరకు కప్పుకుపోయినా మనిషి ఊపిరి తీసుకోలేడు.

ఒకటిన్నర మీటరు దాటితే ఆపు పలకలు లేదా మెట్లలాంటి వాలు, తీసిన మట్టికి అంచు నుంచి కనీసం మీటరు దూరం, ఎక్కడానికి దగ్గరలో నిచ్చెన: ఈ మూడూ లేకుండా నేను ఎవరినీ గోతిలోకి దించను.

#14 · ఒప్పందంపని

నేను పని ఒప్పందాలు తీసుకునేవాడిని. పని ఆపమని చెప్పడం అందరికీ సులువుగా కనిపిస్తోంది, ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. లారీలో కలిపి వచ్చిన కాంక్రీటును మామూలుగా గంటన్నర నుంచి రెండు గంటలలోపు పోసేయాలి. స్లాబు మధ్యలో గంట ఆపితే, ముందు పోసినది బిగుసుకుని, కొత్తదానితో కలవక అతుకు పడుతుంది. తర్వాత నీళ్లు కారేది ఆ అతుకు నుంచే. పైగా లారీ వచ్చి నిలబడ్డాక ఆపే ధైర్యం కూలీకే కాదు, ఇంజనీరుకు కూడా ఉండదు.

అందుకని నేను తనిఖీని ముందుకు జరిపాను. లారీని పిలిచే ఫోను నేను చేయను, సైటు ఇంజనీరు చేయాలి. రాడ్లు, సెంట్రింగ్, కరెంటు, పైపులు, ఈ నాలుగు పనుల మేస్త్రీలూ ఆ ఉదయం స్లాబు మీద నడిచి, ఒక్కొక్కరు ఒకే కాగితం మీద సంతకం పెట్టాకే ఆయన ఫోను చేస్తారు. ఆగవలసి వస్తే ఎక్కడ ఆగాలో కూడా ముందు రోజే నిర్ణయిస్తాము: బీము లేదా స్లాబు పొడవులో మధ్య మూడో వంతులో, నిలువు చెక్క అడ్డుపెట్టి. చివరల దగ్గర ఆపకూడదు, కోత అక్కడే ఎక్కువ.

#15 · తడిగోనె

నేను తట్ట మోయడంతో మొదలుపెట్టి ఇప్పుడు క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచే పని, చూస్తున్నాను. అందరూ పోసేవరకే మాట్లాడారు. పోసిన రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక సైటులో మిగిలేది నేను.

కాంక్రీటు ఆరిపోవడం వల్ల గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. ఆరిపోతే సిమెంటు నీటితో కలవడం ఆగిపోతుంది, బలం అక్కడితో నిలిచిపోతుంది. కనీసం 7 రోజులు, బూడిద సిమెంటుకు, వేడిగాలులకు 10 రోజులకు తగ్గకుండా తడి ఉండాలి. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం సులువు. పిల్లర్లకు గోనె చుట్టి తడపాలి. రోజుకు మూడుసార్లు గొట్టంతో కొట్టి వెళ్లిపోతే, మధ్యాహ్నం రెండు గంటలకు ఆ పిల్లరు ఎముకలా పొడిగా ఉంటుంది. పిల్లరు మీద పోసిన తేదీని సుద్దతో రాస్తాను, లేకపోతే ఎవరైనా మూడో రోజునే ఏడో రోజు అంటారు.

తడి సిమెంటుకు సున్నం లాంటి గాఢమైన క్షార గుణం ఉంటుంది. మొదటి ఏడాది బూట్లు, చేతొడుగులు లేకుండా రోజంతా అందులో నిలబడి, మోకాళ్ల కింద చర్మం పుండ్లు పడి నెలరోజులు పని మానాను. మంట వెంటనే తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. మీరు మేస్త్రీలైతే దయచేసి కూలీలకు రబ్బరు బూట్లు ఇప్పించండి, పక్కన శుభ్రమైన నీళ్లు పెట్టించండి.

#16 · కొత్తసైటు

ఇన్ని వివరాలు వస్తాయని నేను అనుకోలేదు. తడిగోనె గారి మాట చదివిన రోజే బూట్లు తెప్పించాము.

రెండో స్లాబు నిన్న పోశాము. నిచ్చెనను బాల్కనీ వైపు నుంచి తీసి మెట్ల గది దగ్గరికి మార్చాము, విడి స్టాండ్ల మీద పలకలు వేశాము, రాడ్ బెండింగ్ ముఠాలో ఇద్దరిని పోసేవరకు ఉంచాము. ఒప్పందంపని గారు చెప్పినట్టు ఉదయం నలుగురు మేస్త్రీలూ నడిచినప్పుడు, ఒక బీము పక్కన మూడు కరెంటు పైపులు ఒకేచోట దాటి పైవరుసను 15 మిల్లీమీటర్లు ఎత్తడం కనబడింది. సర్దడానికి నలభై నిమిషాలు పట్టింది. లారీని ఇంకా పిలవలేదు కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు.

ఇప్పుడు మిగిలింది మొదటి బాల్కనీ. చువ్వలను లేపాము కానీ, తొందరలో ఎంతవరకు లేపామో నాకు నమ్మకం లేదు. జాకీలు ఇంకా విప్పలేదు. ఏం చేయాలి?

#17 · ఇనుపకట్టు

విప్పకండి. కాంక్రీటు లోపలి చువ్వ ఎంత లోతులో ఉందో పైనుంచే చెప్పే కవరు మీటరు తెప్పించి, పైనుంచి ప్రతి చువ్వ లోతునూ గోడ దగ్గర, అంటే లాగుడు ఎక్కువగా ఉండే చోట, కొలిపించండి. ఆ కొలతలు కాగితం మీద రాసి డిజైను చేసిన ఇంజనీరుకు ఇవ్వండి. నిర్ణయం ఆయనది.

#18 · కొత్తసైటు

ఈ రోజు కొలిపించాము. పదకొండు చువ్వల్లో తొమ్మిదింటికి పైకవరు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంది. అంచున ఉన్న రెండింటికి 32 వచ్చింది. ఇంజనీరు గారు ఆ రెండు చువ్వల లోతును 83 మిల్లీమీటర్లుగా తీసుకుని మళ్లీ లెక్క వేసి, బాల్కనీ సరిపోతుందని, అయితే జాకీలను 28 రోజుల వరకు ఉంచి బయటి కొస నుంచి విప్పమని, అంచున పూలకుండీల కోసం అనుకున్న ఇటుక గోడ కట్టవద్దని రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని సైటు పుస్తకంలో అతికించి, విప్పవలసిన తేదీని బాల్కనీ కింద మధ్య జాకీకి కట్టిన చీటీ మీద రాశాను. కేకవేసిన పెద్దాయనకు కూడా ఆ కొలతలు చదివి వినిపించాను.